సైనిక అధికారి కావాలనుకునే పిల్లలకు యూపీఎస్సీ ఎన్‌డీఏ నోటిఫికేషన్ ఎంతవరకు దారి చూపుతుంది? ఒక సమీక్ష

ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థికి సైన్యంలో అధికారిగా చేరాలన్న కోరిక పుట్టిందంటే, ఆ వెంటనే వచ్చే ప్రశ్నలన్నీ అర్హతల చుట్టూనే తిరుగుతాయి. నాకు కళ్లద్దాలున్నాయి, తీసుకుంటారా? బైపీసీ వాళ్లు రాయవచ్చా? అమ్మాయిలకు ఏ విభాగాల్లో అవకాశం ఉంది? పదో తరగతి మెమోలో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో మరొకటి ఉంటే ఏది చెల్లుతుంది? జూనియర్ కళాశాలలో గణితం చెప్పే వృత్తిలో ఉన్నందువల్ల ఈ ప్రశ్నలు ఏటా నా దగ్గరికి వస్తుంటాయి. డబ్బు తీసుకుని వీటికి జవాబు చెప్పే కేంద్రాలు నగరాల్లో చాలానే వెలిశాయి గానీ, నేను సమీక్షకు ఎంచుకున్నది ప్రధానంగా వాటిని కాదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ), నావల్ అకాడమీ ప్రవేశ పరీక్ష కోసం యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (యూపీఎస్సీ) ఏడాదికి రెండుసార్లు వెలువరించే నోటిఫికేషన్‌నే ఒక ఉచిత సేవగా భావించి, పదహారు పదిహేడేళ్ల పాఠకుడికి అది ఎంతవరకు పనికివస్తుందో ఇక్కడ పరిశీలిస్తున్నాను.

నా అంచనాను ముందే చెబుతాను. సమాచారం నమ్మదగినదేనా అంటే ఐదుకు ఐదు మార్కులు వేయవచ్చు. చదువుకోవడానికి వీలుగా ఉందా అంటే రెండుకు మించి వేయలేను. ఒక విద్యార్థికి రాగల అర్హతా సందేహాల్లో దాదాపు అన్నింటికీ అందులో జవాబు ఉంది. అయితే ఆ జవాబు ఏ పేరాలో, ఏ అనుబంధంలో దాగి ఉందో వెతికి పట్టుకునే ఓపిక పదిహేడేళ్ల వయసులో చాలామందికి ఉండదు. ఆ ఓపిక లేకపోవడమే కౌన్సెలింగ్ వ్యాపారానికి పెట్టుబడి అవుతోంది.

అసలు ఈ పరీక్ష దేనికో తెలియకుండానే నా దగ్గరికి వచ్చేవారూ ఉన్నారు. మన జిల్లాల్లో ఆర్మీ సెలక్షన్ అనగానే తెల్లవారుజామున మైదానంలో జరిగే పరుగు, ర్యాలీ, వేలమంది యువకుల వరుసలు గుర్తుకు వస్తాయి. అది 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం కింద జరిగే అగ్నివీర్ నియామకం. ఎంపికైనవారు నాలుగేళ్లపాటు జవాన్లుగా పనిచేస్తారు. ఎన్‌డీఏ దారి వేరు. రాతపరీక్షలో, ఆ తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఐదు రోజులపాటు నిర్వహించే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో, వైద్య పరీక్షల్లో నెగ్గినవారు పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు డిగ్రీ చదువుతో పాటు సైనిక శిక్షణ పొందుతారు. ఆపైన సైన్యానికి ఎంపికైనవారు డెహ్రాడూన్‌కు, నౌకాదళం వారు కేరళలోని ఎళిమలకు, వాయుసేన వారు మన హైదరాబాద్ శివారులోని దుండిగల్‌కు వెళ్లి, అక్కడి శిక్షణ ముగిశాక అధికారులుగా నియమితులవుతారు. నోటిఫికేషన్ ఈ భేదాన్ని ఎక్కడా వివరించదు. చదివేవారికి ఇదంతా ముందే తెలిసి ఉంటుందని అది అనుకుంటుంది. పట్నంలో సైనిక కుటుంబాల మధ్య పెరిగిన పిల్లవాడి విషయంలో ఆ ఊహ సరిపోవచ్చు గానీ, మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాల విద్యార్థి విషయంలో సరిపోదు.

అర్హతల్లో మొదటిది వయసు, అందరూ పొరబడేదీ అదే. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్లు అని అందరూ నోటిలెక్కగా చెబుతారు. ఆ వయసు దరఖాస్తు చేసే రోజుకా, పరీక్ష రాసే రోజుకా, కోర్సు మొదలయ్యే రోజుకా అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ నోటిఫికేషన్‌ను మెచ్చుకోవాలి. అది వయసును ఏళ్లలో చెప్పి ఊరుకోకుండా పుట్టిన తేదీల హద్దులను నేరుగా ఇస్తుంది. ఉదాహరణకు 2025 మొదటి పరీక్షకు, 2006 జూలై 2కు ముందు గానీ 2009 జూలై 1 తర్వాత గానీ పుట్టినవారు అర్హులు కారని స్పష్టంగా ఉంది. ఆ పరీక్ష ద్వారా ఎంపికైనవారి కోర్సు 2026 జనవరిలో మొదలవుతుంది కాబట్టి లెక్క ఆ నెల నుంచి వెనక్కి వెళుతుందని గ్రహిస్తే, రాబోయే ప్రతి పరీక్షకూ ఎవరి లెక్క వారే వేసుకోవచ్చు. ఏప్రిల్ ప్రాంతంలో జరిగే మొదటి పరీక్షకు మరుసటి జనవరి, సెప్టెంబర్ ప్రాంతంలో జరిగే రెండో పరీక్షకు మరుసటి జూలై ఆధారం. ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు ఇందులో వయసు సడలింపు ఏమీ లేదు. మిగతా ఉద్యోగ పరీక్షలకు అలవాటుపడిన మన కుటుంబాల్లో ఈ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఎన్నిసార్లు రాయవచ్చన్న ప్రశ్నకు కూడా ఈ తేదీల్లోనే జవాబుంది. ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి వేరుగా లేదు, వయసే పరిమితి. 2008 ఆగస్టు 15న పుట్టి, 2024లో పదో తరగతి ముగించిన విద్యార్థిని తీసుకుందాం. 2025 ఏప్రిల్ పరీక్షకు వయసు సరిపోతుంది గానీ, దరఖాస్తు నాటికి ఇంకా ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఉంటాడు కాబట్టి అర్హత రాదు. పదకొండో తరగతి వారికి అవకాశం లేదని నోటిఫికేషన్ విడిగా చెబుతుంది. రెండో సంవత్సరంలోకి వచ్చాక 2025 సెప్టెంబర్ పరీక్ష, 2026లో రెండు, 2027లో మొదటిది, ఇలా మొత్తం నాలుగు అవకాశాలు దక్కుతాయి. 2027 రెండో పరీక్ష నాటికి లెక్క పంతొమ్మిదిన్నర దాటిపోతుంది. ఈపాటి లెక్క వేసి చెప్పడానికే కొన్ని సంస్థలు రుసుము తీసుకుంటున్నాయంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకవేళ నోటిఫికేషన్ తయారుచేసేవారే ఇలాంటి ఉదాహరణ ఒకటి రెండు చేర్చి ఉంటే ఆ వ్యాపారంలో సగం మూతపడేది.

పుట్టిన తేదీకి రుజువుగా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నదే చెల్లుతుంది. ఆసుపత్రి రికార్డులు, జాతకాలు, అఫిడవిట్లు పనికిరావు. ఒకసారి నమోదు చేసిన తేదీని తర్వాత మార్చడానికి ఒప్పుకోరు. పల్లెల్లో బడిలో వేసిన రోజు మాస్టారు తోచిన తేదీ రాసేయడం, అదే పదో తరగతి మెమోదాకా కొనసాగడం మనకు కొత్త కాదు. అసలు తేదీ వేరే ఉందని తల్లిదండ్రులు ఎంత చెప్పినా ఇక్కడ లాభం లేదు. కాబట్టి ఎన్‌డీఏ ఆలోచన ఉన్న పిల్లల ఇంట్లో మొదట చేయవలసిన పని మెమోను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి, తేదీతో పాటు పేరును కూడా అక్షరం అక్షరం సరిచూడటం. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మన తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి.

చదువు అర్హత దగ్గరికి వస్తే నోటిఫికేషన్ చెప్పేది రెండే ముక్కలు. సైన్య విభాగానికి 10+2 పద్ధతిలో పన్నెండో తరగతి లేదా దానికి సమానమైన పరీక్ష ఏ గ్రూపుతోనైనా పాసైతే చాలు. వాయుసేన, నౌకాదళ విభాగాలకు, నావల్ అకాడమీ 10+2 ప్రవేశానికి మాత్రం భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలతో పాసై ఉండాలి. దీన్ని మన ఇంటర్ గ్రూపుల భాషలోకి మార్చుకుంటే, ఎంపీసీ వారికి అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ వారికి సైన్యం ఒక్కటే. బైపీసీ వాళ్లు అసలు రాయకూడదని ఇప్పటికీ నమ్మేవారు, హెచ్‌ఈసీ తీసుకున్నాక ఇక ఆశ వదులుకున్నవారు నాకు తెలుసు. వారిద్దరి నమ్మకమూ తప్పే. అయితే రాతపరీక్షలో 300 మార్కులకు గణితం పేపరు అందరికీ తప్పనిసరి అన్న సంగతిని ఇక్కడే జోడించి చూడాలి. అందులో విడిగా కనీస మార్కులు తెచ్చుకోవాలి కాబట్టి, గణితాన్ని పదో తరగతితో వదిలేసిన పిల్లవాడికి అర్హత కాగితం మీద ఉన్నా, నెగ్గడానికి రెండేళ్ల ఇంటర్ లెక్కలు సొంతంగా నేర్చుకోవలసిందే. ఇది గణితం చెప్పేవాడి పక్షపాతం అనుకోకండి. 900 మార్కుల్లో మూడో వంతును వదిలేసి గట్టెక్కినవారిని నేను చూడలేదు.

ఇంటర్‌లో ఎంత శాతం ఉండాలన్నది తల్లిదండ్రులు తప్పక అడిగే ప్రశ్న. ఈ పరీక్షకు కనీస శాతం నిబంధన లేదు, పాసైతే చాలు. సప్లిమెంటరీలో పాసైనవారిని వేరుచేసే నియమమూ అందులో కనిపించదు; నిర్ణీత తేదీలోగా పాసైనట్లు రుజువు చూపించగలగడమే ముఖ్యం. 60 శాతం, 70 శాతం అంటూ బయట వినిపించే అంకెలు వేరే ప్రవేశాలవి. సైన్యపు టెక్నికల్ ఎంట్రీకి భౌతిక, రసాయన, గణితాల్లో 60 శాతం, జేఈఈ మెయిన్ రాసి ఉండటం అవసరం. అది అవివాహితులైన అబ్బాయిలకు మాత్రమే. నౌకాదళపు బీటెక్ క్యాడెట్ ఎంట్రీకి అవే మూడు సబ్జెక్టుల్లో 70 శాతం, ఇంగ్లిషులో 50 శాతం కావాలి, పిలుపు జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి వస్తుంది. ఈ రెండింటికీ యూపీఎస్సీ రాతపరీక్ష లేదు, వాటి ప్రకటనలు ఆయా దళాల వెబ్‌సైట్లలో వస్తాయి. మూడింటినీ కలగలిపి చెప్పడం వల్లే 58 శాతం వచ్చిన పిల్లవాడు ఎన్‌డీఏ దరఖాస్తు కూడా పెట్టకుండా ఆగిపోతాడు.

అమ్మాయిల విషయంలో నోటిఫికేషన్ కంటే దాని చుట్టూ ఉన్న పాత సమాచారమే పెద్ద అడ్డంకి. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమ్మాయిలకు ఈ పరీక్ష రాసే అవకాశం వచ్చింది. ఆ ఏడాది నవంబర్‌లో జరిగిన పరీక్షలో వారు మొదటిసారి కూర్చున్నారు. 2022లో ఖడక్‌వాస్లాలో అడుగుపెట్టిన తొలి బృందంలోని 17 మంది 2025 మే 30న శిక్షణ ముగించుకుని బయటికి వచ్చారు. ఇంత జరిగాక కూడా అబ్బాయిలకు మాత్రమే అని చెప్పే పాత వీడియోలు, పాత గైడు పుస్తకాలు చలామణిలో ఉన్నాయి. నోటిఫికేషన్‌లో ఖాళీల పట్టిక చూస్తే సందేహం తీరిపోతుంది: సైన్యం, నౌకాదళం, వాయుసేనలోని మూడు శాఖలు, నావల్ అకాడమీ, ప్రతి వరుసలోనూ మహిళా అభ్యర్థులకు ఎన్ని సీట్లో విడిగా ఉంటుంది. అంకెలు మాత్రం చిన్నవి. 2025 మొదటి నోటిఫికేషన్‌లో సైన్యానికి ఉన్న 208 ఖాళీల్లో అమ్మాయిలకు కేటాయించినవి 10. తలుపు తెరుచుకుందన్నది ఎంత నిజమో, అది ఇంకా ఇరుకుగానే ఉందన్నదీ అంతే నిజం. ఆ మాట ఆడపిల్లలకు దాచకుండా చెప్పాలన్నది నా అభిప్రాయం.

నా దృష్టిలో నోటిఫికేషన్‌కు ఉన్న పెద్ద లోపం వైద్య ప్రమాణాల విషయంలో. లోపం సమాచారంలో లేదు, దాన్ని ఉంచిన చోటులో ఉంది. ఎత్తు, బరువు, కంటిచూపు, పళ్లు, చెవులు, పాదాలు, అన్నింటి వివరాలు చివరి అనుబంధాల్లో ఒక్కో దళానికి వేరువేరుగా, వైద్య పరిభాషతో నిండి ఉంటాయి. సిలబస్, పరీక్షా కేంద్రాలు, దరఖాస్తు సూచనలు చదివి అలసిపోయిన విద్యార్థి అక్కడిదాకా రానే రాడు. నిజానికి చదవడం ఆ పుటల నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే వయసు, చదువు సరిపోయినవారిలో కూడా చాలామంది కోరుకున్న శాఖ చేతికి అందుతుందా లేదా అన్నది కంటి పరీక్ష దగ్గరే తేలిపోతుంది.

కళ్లద్దాలు పెట్టుకున్నంత మాత్రాన ఎన్‌డీఏ దారి మూసుకుపోదు. సైన్య విభాగానికి దూరపు వస్తువులు కనపడని లోపం మైనస్ 2.5 లోపు ఉండి, అద్దాలతో రెండు కళ్లకూ 6/6 వస్తే అంగీకారమే. నౌకాదళపు ప్రమాణం అంతకంటే కఠినం. యుద్ధవిమానం నడపాలనుకునేవారికి ఆ రకమైన లోపం అసలు ఉండకూడదు. అందువల్ల పైలట్ కావాలని కలలుగంటూ మైనస్ పవర్ అద్దాలు పెట్టుకున్న పిల్లలకు, ఆ కల నెరవేరకపోయినా సైన్యంలో అధికారి కావడానికి వీలుందని చెప్పేవాళ్లు కావాలి. లేజర్ శస్త్రచికిత్స చేయించుకుంటే సరిపోతుందన్న సలహా మాత్రం ప్రమాదకరమైనది. ఎన్‌డీఏ ద్వారా వెళ్లేవారికి అలాంటి శస్త్రచికిత్సను అనుమతించరు. డిగ్రీ తర్వాతి కొన్ని ప్రవేశాలకు కొన్ని షరతులతో ఒప్పుకుంటారు కాబట్టి ఆ నిబంధనను దీనికి అంటగట్టి చెబుతుంటారు. అర్హత ఉన్న కన్నును డబ్బు పెట్టి అనర్హం చేసుకున్నట్లే అవుతుంది.

ఎత్తు విషయంలో అబ్బాయిలకు 157 సెంటీమీటర్లు, అమ్మాయిలకు 152 సెంటీమీటర్లు కనీసం. ఫ్లయింగ్ శాఖకు 163 ఉండాలి, పైగా కాలి పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. గూర్ఖాలకు, ఈశాన్య రాష్ట్రాలతో పాటు కొన్ని కొండప్రాంతాల వారికి ఉన్న సడలింపు మన తెలుగు రాష్ట్రాల వారికి వర్తించదు. పద్దెనిమిది నిండనివారికి ఇంకా ఎదిగే వయసని రెండు సెంటీమీటర్ల వెసులుబాటు ఇస్తారు. ఆరడుగులుంటేనే ఆఫీసరు అన్న అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, సగటు ఎత్తున్న కుర్రవాళ్లు దానికి భయపడి వెనకాడటం చూస్తే జాలేస్తుంది. చెవిలో గులిమి, ముక్కులో వంకర, బరువు ఎక్కువ తక్కువలు, టాన్సిల్స్ వంటి చిన్న సమస్యలను ముందుగానే సరిచేయించుకొమ్మని నోటిఫికేషనే సలహా ఇస్తుంది. ఇది నిజంగా మంచి సలహా, ఎవరూ చదవని చోట ఉన్న సలహా. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక తప్ప ఒంటి మీద మరెక్కడా శాశ్వత పచ్చబొట్టు ఉండకూడదు. తమ ఆచారం ప్రకారం పొడిపించుకునే గిరిజనులకు మినహాయింపు ఉంది. సినిమా నటుడి పేరు మెడ మీద రాయించుకునే ముందు ఈ ఒక్క వాక్యం కనపడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. మొదటి వైద్య పరీక్షలో అనర్హుడని తేల్చినా కథ ముగియదు. 42 రోజుల్లోగా అప్పీలు మెడికల్ బోర్డుకు వెళ్లవచ్చు. తాత్కాలిక లోపమైతే ఈలోపు చికిత్స చేయించుకోవచ్చు.

పెళ్లి, రుసుము సంగతులు నోటిఫికేషన్‌లో సూటిగానే ఉన్నాయి. అభ్యర్థి అవివాహితుడై ఉండాలి, శిక్షణ పూర్తయ్యేవరకు పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే తొలగించి, అప్పటిదాకా అయిన ఖర్చును రాబట్టుకుంటారు. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, అమ్మాయిలకు అది కూడా లేదు. ఎన్‌సీసీ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు.

పౌరసత్వం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే విదేశాల్లోని మన బంధువుల పిల్లల కోసం ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వస్తోంది. భారత పౌరులతో పాటు నేపాల్ జాతీయులు, భారతదేశంలో స్థిరపడే ఉద్దేశంతో పాకిస్థాన్, బర్మా, శ్రీలంక, కొన్ని తూర్పు ఆఫ్రికా దేశాలు, వియత్నాం వంటి చోట్ల నుంచి వలస వచ్చిన భారత సంతతివారు అర్హులు. గల్ఫ్‌లో పుట్టి పెరిగి భారత పాస్‌పోర్టు మీదే ఉన్న పిల్లలు ఇక్కడికి వచ్చి పరీక్ష రాసుకోవచ్చు, దానికి అడ్డేమీ లేదు. అమెరికాలో పుట్టి ఆ దేశపు పౌరసత్వం, మన ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నవారి పరిస్థితి అది కాదు. ఓసీఐ అన్నది భారత పౌరసత్వం కాదు కాబట్టి వారికి ఈ దారి లేదు. ఓసీఐ కార్డులను ప్రత్యేకంగా పేర్కొంటూ ఒక్క వాక్యం నోటిఫికేషన్‌లో ఉంటే ఎంతో మేలు జరిగేది.

డబ్బు తీసుకుని చేసే అర్హతా కౌన్సెలింగ్‌ను దీని పక్కన పెట్టి చూడకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. నగరంలోని ఒక శిక్షణ సంస్థ మా విద్యార్థి ఒకరికి ఇచ్చిన అర్హతల పత్రాన్ని నేను చదివాను. అందమైన రంగుల అచ్చు, పైన యుద్ధవిమానం బొమ్మ. లోపల వయసు తేదీలు అంతకుముందు ఏడాదివి. వాయుసేనకు గణితం, భౌతికశాస్త్రం ఉంటే చాలన్న పాత నిబంధన అలాగే ఉంది. చూపు సమస్య ఉన్నవారికి లేజర్ చికిత్స చేయించుకొమ్మన్న సూచన కూడా ఉంది. చివర రెండేళ్ల ఫౌండేషన్ కోర్సు ఫీజు వివరాలు. అర్హత లేదని చెబితే కోర్సు అమ్ముడుపోదు కాబట్టి అర్హత ఉందనే చెప్పాలన్న ఒత్తిడి ఆ వ్యాపారంలోనే ఉంది. నోటిఫికేషన్‌కు అలాంటి అవసరం లేదు, అందుకే దాని మాటను నేను నమ్ముతాను. న్యాయంగా చెప్పాలంటే ఇలాంటి సంస్థల్లో పనికివచ్చే సేవ ఒకటి లేకపోలేదు: సైన్యంలో పనిచేసి విరమించిన వైద్యులతో ముందస్తు వైద్య పరీక్ష చేయించడం. మడమలు కలిపి నిలబెట్టి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా, పాదం అరికాలు చదునుగా ఉందా అన్నవి అనుభవమున్న కంటికి నిమిషంలో తెలుస్తాయి. పుట చదివితే తెలియవు. ఆ ఒక్క పరీక్షకు మాత్రమే డబ్బు చెల్లించి, కోర్సు మాట తర్వాత చూద్దామని చెప్పి వచ్చేయగల తల్లిదండ్రులకు అది మంచి బేరమే. మంచి కంటి వైద్యుడి దగ్గర పవర్, రంగుల గుర్తింపు పరీక్ష చేయించుకున్నా అందులో సగం పని అయిపోతుంది.

భాష మరొక అవరోధం. నోటిఫికేషన్ ఇంగ్లిషులో, హిందీలో ఉంటుంది. ప్రశ్నపత్రాలూ ఆ రెండు భాషల్లోనే వస్తాయి, తెలుగులో రాయడానికి వీలు లేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి ఇది అర్హత నిబంధన కాకపోయినా, నిబంధనలాగే అడ్డం నిలుస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి, వరంగల్ వంటి చోట్ల పరీక్షా కేంద్రాలు ఉన్నందువల్ల ప్రయాణభారం తగ్గింది గానీ, కేంద్రాన్ని ముందుగా దరఖాస్తు చేసినవారికే ముందుగా కేటాయిస్తారు. చివరి రోజుదాకా ఆగితే కోరిన ఊరు దొరకకపోవచ్చు. 2025 మే నుంచి యూపీఎస్సీ దరఖాస్తు పోర్టల్‌ను మార్చింది. ఖాతా తెరవడం, వివరాల నమోదు, అన్ని పరీక్షలకూ ఉమ్మడి పత్రం నింపడం, ఆపైన ఫలానా పరీక్షకు దరఖాస్తు చేయడం అంటూ నాలుగు అంచెలున్నాయి. మొదటి మూడూ నోటిఫికేషన్ రాకముందే పూర్తి చేసుకోవచ్చు కాబట్టి సెలవుల్లో తీరిగ్గా చేసి పెట్టుకోవడం మంచిది. నోటిఫికేషన్ సాధారణంగా మొదటి పరీక్షకు డిసెంబర్‌లో, రెండోదానికి మే నెలలో వెలువడుతుంది.

చివరిగా, ఈ పత్రం చెప్పనిది ఒకటుంది: ఇందులో అర్హత దొరకనివారు ఎటు వెళ్లాలన్నది. అది దాని పని కాదని అనవచ్చు, నిజమే. కానీ కొలతల్లో ఇమడని పిల్లలకు సమాధానం ఇంట్లో పెద్దవాళ్లే చెప్పవలసి వస్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సైనిక వైద్యాధికారి కావాలనుకునే బైపీసీ వారికి పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ ఉంది. నీట్ ర్యాంకు ఆధారంగా 115 మంది అబ్బాయిలకు, 30 మంది అమ్మాయిలకు ఎంబీబీఎస్ సీట్లు ఇస్తుంది. పంతొమ్మిదిన్నర దాటిపోయినవారు ఏదైనా డిగ్రీ పూర్తిచేసి, యూపీఎస్సీయే నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాయవచ్చు. వాయుసేనకు ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష విడిగా ఉంది. లేజర్ చికిత్స విషయంలో షరతులతో కూడిన వెసులుబాటు దొరికేది కూడా ఆ దారుల్లోనే. వయసు ఇంకా తక్కువగా ఉండి ఆరో తరగతికి, తొమ్మిదో తరగతికి చేరబోయే పిల్లలైతే కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష వైపు చూడటం మేలు. వాటి అర్హతలకు వేరే నోటిఫికేషన్ ఉంటుంది, దాన్ని కూడా చివరి పుట నుంచి మొదలుపెట్టి చదవండి.